తంబి తిన్న షొకొలా

మా వదిన కన్నియమ్మాళ్‌కి ఒక్కడే కొడుకు, వీరాసామి. తనకు తమ్ముడు లేడన్న కొరత తీర్చుకోవడానికేమో, వాడు పన్నెండేళ్ళప్పుడు సోలై నగర్ చేపలవాళ్ళ దగ్గర్నుంచి ఓ ఎర్ర కుక్కపిల్లని తువ్వాల్లో చుట్టి తెచ్చి తంబి అని పేరు పెట్టాడు. వదిన తిట్టింది. తిడుతూనే దానికి గంజి పోసింది. ఆమె తిట్లకి మా మురుంగపాక్కంలో ఎవరూ భయపడరు, కుక్కతో సహా.

మా అన్న పోయాక ఆమె మిల్లులో నూలు కండెలు చుట్టి కొడుకుని పెంచింది. మా ఊరిని ఏలే ఫ్రాన్సులో పెద్ద యుద్ధం జరుగుతుంటే వాడు పట్టాళంలో చేరి ఓడ ఎక్కాడు. తంబి రేవుదాకా వెంట వెళ్ళి, పొద్దుపోయేదాకా అక్కడే కూర్చుని, ఒక్కటే ఇంటికి తిరిగొచ్చింది.

మరుసటి ఏడు ఓడ తపాలాలో ఓ పొట్లం వచ్చింది. అందులో వెండికాగితం చుట్టిన పలక ఒకటి, అరవంలో ఎవరిచేతో రాయించిన జాబు ఒకటి. వదినకి చదువు రాదు గనక చదివింది నేనే. "అమ్మా, ఇది షొకొలా. తెల్లవాళ్ళ మిఠాయి. పండక్కి మాకిచ్చినారు. చాలా తీపి. దాచిపెట్టకుండా తిను." షొకొలా అంటే చాక్లెట్టే. వద్దన్న పనే చేసింది వదిన, తీసుకెళ్ళి పెట్టెలో దాచింది. వాడొచ్చాక కలిసి తింటుందట.

వాడు రాలేదు, సర్కారు కాగితం వచ్చింది. ఒళ్ళు లేదు, బూడిద లేదు. ఆ తర్వాత ఆమెను తినేసిన దిగులు ఒక్కటే.

"సముద్రం అవతల్నించి వాడికి దోవ యాడ తెలస్తాది దురైసామీ? మనం పెట్టే కూడు వాడికి చేరతాదా?" అని నన్ను అడిగేది.

ఏడాది తద్దినం వచ్చింది. మా ఇళ్ళల్లో పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి, తలుపు దగ్గరగా వేసి, కాసేపు బయట నిలబడతాం. వాళ్ళు వచ్చి తినేది అప్పుడే. నా నోరు ఊరుకోదు కదా. "వాడు పంపిన షొకొలా కూడా పెట్టు వదినా, వాడికి ఇష్టం" అన్నాను. ఆమె వెండికాగితం విప్పి పలకంతా ఆకులో పెట్టింది.

తలుపు తీసేసరికి లోపల తంబి ఉంది. పెరటి తలుపు తోసుకుని వచ్చినట్టుంది. అన్నం, వడలు, పాయసం అలాగే ఉన్నాయి. షొకొలా ఒక్కటే లేదు. కుక్క ముట్టిన ఆకు అని నేను కర్ర ఎత్తాను. వదిన అడ్డం వచ్చింది.

"కొట్టొద్దు. ఇంత కూడు ఉండగా అదొక్కటే తినిందంటే అది కుక్క పని కాదు. నా బిడ్డ వచ్చినాడు."

"వచ్చినాడు వదినా" అన్నాను నేను కూడా. ఏడాదిలో మొదటిసారి ఆమె ఆ మధ్యాహ్నం కడుపునిండా తినింది.

పొద్దు వాలకముందే తంబికి నిలకడ తప్పింది. ఇల్లంతా తిరిగింది, కుండెడు నీళ్ళు తాగింది, కక్కింది. పక్కటెముకల మీద చెయ్యి పెడితే గుండె మిల్లు యంత్రంలా కొట్టుకుంటోంది. వదిన దిష్టి తీసింది. కాళ్ళు బిగుసుకుని కొట్టుకోవడం మొదలయ్యాక నేను పరిగెత్తి, ఓ దొర ఇంట్లో వంట చేసే చంద్రన్‌ని పిలుచుకొచ్చాను. అతను వెండికాగితం వాసన చూశాడు.

"ఏంది, దీన్ని కుక్కకి పెట్టినారా? మా దొర కుక్క ఒకటి ఇది తినే చచ్చిపోయినాది. అప్పట్నించీ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మనుషులకి మిఠాయి, కుక్కలకి విషం" అన్నాడు. తినగానే కక్కించి ఉంటే బతికేదేమో అని కూడా అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? దీపాలు పెట్టే వేళకి తంబి వదిన ఒళ్ళోనే పోయింది.

"అయితే వాడు రాలేదా?" అంది వదిన. చంద్రన్‌కి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

వెండికాగితం మడతలో చిన్న ముక్క ఒకటి అంటుకుని ఉంది. ఆమె దాన్ని గోటితో తీసి నోట్లో వేసుకుంది.

"ఇది చేదుగా ఉండాదే దురైసామీ. ఆ జాబు మళ్ళా చదువు."

చదివాను. చాలా తీపి, దాచిపెట్టకుండా తిను.

"వాడు దీని రుచే చూళ్ళేదు. వాడికిచ్చింది విప్పకుండా అట్టే నాకు పంపేసినాడు."

సర్కారు కాగితం వచ్చిన రోజు కూడా ఆమె అంతగా ఏడవలేదు. బిడ్డ నోట్లో వేసుకోనిదాన్ని, వాడికి ఇష్టమని చెప్పి ఆకులో పెట్టించిన వెధవని నేను. నాకు కాదు, ఆ మూగజీవానికి పడింది శిక్ష.

మరుసటి ఏడు తద్దినానికి వదిన రెండాకులు వేసింది. ఒకదాంట్లో వీరాసామికి అన్నీ వడ్డించింది. రెండోదాంట్లో ఉత్త అన్నం, కాస్త పెరుగు మాత్రమే పెట్టింది. ముందురోజు మిల్లు నుంచి వస్తూ చంద్రన్ ఇంటికి వెళ్ళి, కుక్కకి ఏది పడతాది, ఏది పడదు అని అడిగి వచ్చిందట.