నత్తగుల్ల చీటీ

మా జీవశాస్త్రం సార్ పోయారని పన్నెండు రోజుల కింద సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. నేను పాఠాలు చెప్పే కోదాడ బడిలో అప్పుడే ప్రార్థన మొదలైంది. పిల్లల ముందు ఏడవలేక ల్యాబ్‌లోకి వెళ్లి కూర్చున్నాను. వేసవి సెలవుల్లో వస్తానని సార్‌కు చెప్పి రెండు వేసవులు దాటించాను. ఆయనతో ఒప్పుకోవాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

మిర్యాలగూడలో ఎనిమిదో తరగతి చదివే రోజులు. కొత్త పాఠం మొదలుపెడుతూ సార్ బల్ల మీద సంచి కుమ్మరించారు. తంగేడు కొమ్మ, పుట్టగొడుగు, తూనీగ రెక్క, సాగర్ కాలువ పక్కన దొరికిన నత్తగుల్ల, ఇంకా ఏవేవో. "పుస్తకాలు మూయుర్రి, కండ్లు తెరువుర్రి. వీటిని మీకు తోచినట్టు పంచుర్రి" అన్నారు.

అందరూ చెట్లు, జంతువులు అని రాశారు. నేను తినేవి, తిననివి అని రాసి, నత్తను తినేవాటిలో పెట్టాను. మా నాన్న రైస్ మిల్లులో హమాలీ. నాట్ల కాలంలో అమ్మ పొలం నుంచి నత్తలు ఏరుకొచ్చి పులుసు పెట్టేది.

పక్క పిల్ల తొంగిచూసి, "ఏందే, మీరు నత్తలు తింటరా?" అంది. తరగతంతా ఒకటే నవ్వు. గబగబా కొట్టేసి నత్తను అవతలి వరుసలోకి మార్చాను.

"తప్పు రాసిన సార్. మేం తినం."

సార్ ఎవరినీ తిట్టలేదు. "మనిషి మొదలు పంచుకున్నది గిట్లనే. ఏది తినాలె, ఏది తినొద్దు. పుస్తకాలు ఆ ఎన్క వచ్చినయ్" అన్నారు. పాతకాలం పండితుడొకాయన ప్రాణులను రక్తం ఉన్నవి, లేనివి అని విడదీసి, నత్తను లేనివాటిలో వేశాడని చెప్పారు. "నత్తకు రక్తం ఉంటది బిడ్డా. ఎర్రగ ఉండదు, గంతే. ఆయనకు కనవడలే."

ఆ మాట నాకోసమేనని తెలుసు. అయినా తలెత్తలేదు.

సార్‌ది ఒక పద్ధతి. ఏది సీసాలో పెట్టినా చీటీ మీద మూడు వరుసలుండాలి: ఊళ్లో పేరు, పుస్తకంలో పేరు, చెప్పినవారు. మేకలు కాసే ముసలమ్మ పేరు కూడా ఆ మూడో వరుసలో ఉండేది. "చెప్పినోళ్ల పేరు లేకుంటే అది దొంగ చీటీ" అనేవారు. సుద్దముక్కలు జేబులో మరిచిపోయి, చొక్కాలన్నీ తెల్లగా చేసుకుని ఇంట్లో తిట్లు తినేవారు. ఈ రోజు నేను పాఠం చెప్పి బతుకుతున్నానంటే ఆయన చలవే. ఆ ఒక్క అబద్ధం మాత్రం దిద్దుకోలేదు. సిగ్గు పోయాక కూడా, ఇప్పుడెందుకులే అనుకుంటూ గడిపేశాను.

పదో రోజున సూర్యాపేట వెళ్లాను. సార్ భార్య నన్ను చూసి కళ్లు తుడుచుకుంది. "నువ్వు వస్తవేమోనని మస్తు సూసిండ్రు బిడ్డా. ఇది నీదంట" అంటూ బీరువాలోంచి చిన్న సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

అదే నత్తగుల్ల. చీటీ పసుపుబారింది. ఊళ్లో పేరు రాసి, పక్కనే "తినేది" అని రాశారు. దాని కింద పుస్తకంలో పేరు. మూడో వరుసలో "చెప్పినవారు" అని రాసి, పక్కన ఖాళీ వదిలేశారు. ఇన్నేళ్లూ అది అలాగే ఉంది.

తిరుగు బస్సులో పెన్ను తీసి ఆ ఖాళీలో నా పేరు రాశాను. కుదుపులకు అక్షరాలు వంకర పోయాయి. దిద్దడానికి సార్ లేరు. కోదాడ దాకా ఆ గుల్ల నా ఒళ్లో, సీసా గోడకు చిన్నగా తగులుతూనే ఉంది.