అద్దం కట్టించిన తప్పు

ప్రొఫెసర్ ఇర్మ్‌ట్రౌట్ వెసెలింగ్ ముప్పై ఏళ్లుగా యూనివర్సిటీకి సైకిలు మీదే వస్తుంది. మంచు పడినా అంతే. సంచిలో కాగితం చుట్టిన నల్ల రొట్టె, మూత కొరికిన పెన్ను, అద్దం కట్టించిన ఒక పాత పత్రిక ముక్క ఉంటాయి. దేశాల మధ్య సంబంధాల గురించి ఆవిడ పాఠం ఏటా ఆ ముక్కతోనే మొదలవుతుంది. "బెర్లిన్ గోడ ఇంకో ఇరవై ఏళ్లు కదలదు" అని వయసులో ఉన్నప్పుడు ఆవిడ రాసిన వ్యాసం అది. అచ్చయిన మూడు వారాలకే గోడ కూలింది. అది చదివి, కళ్లజోడు పైకి నెట్టి, "ఇక నోట్సు రాసుకోండి" అంటుంది.

పదవీ విరమణ రోజున ఆవిడ చివరి పాఠం వినడానికి బెర్లిన్ నుంచి విదేశాంగ శాఖ ఉన్నతాధికారి ఒకడు వచ్చాడు. డీన్ లూట్కె ఆవిడ చెవిలో గొణిగాడు.

"ఈ ఒక్కరోజుకీ ఆ ముక్క వద్దండీ. బాగుండదు."

"బాగుండదనేగా ఇన్నేళ్లూ చదివింది!" అని ఆవిడ ఇంకాస్త గట్టిగా చదివింది.

అధికారి ముందు వరసలోంచి నవ్వాడు. "ఇంత తప్పు చెప్పినవారు, మొన్న మేం పొరుగు దేశంతో చేసుకున్న ఒప్పందం ఐదేళ్లు కూడా నిలవదని పత్రికలో రాస్తే ఎలా నమ్మాలండీ?"

"నమ్మొద్దు. నా తప్పును నేనే అద్దం కట్టించి అందరికీ చూపిస్తున్నాను. మీ ఒప్పందం ఎన్నేళ్లు నిలుస్తుందో మీరూ రాసి సంతకం పెట్టండి. అదీ అద్దం కట్టిస్తాను," అంటూ పెన్ను పట్టుకున్న చెయ్యి చాచింది.

అధికారి చేతులు కట్టుకునే ఉన్నాడు. వెనక వరసలో ఎవరో, అక్కడి విద్యార్థుల అలవాటు ప్రకారం, చప్పట్లకు బదులు వేళ్ల కణుపులతో బల్ల మీద తట్టారు. కాసేపటికి హాల్లో బల్లలన్నీ మోగాయి. ఆ మోత ఆగిపోయాక కూడా ఆవిడ చాచిన చెయ్యి దించలేదు.