మూడుసార్లు అడిగిన సారు

మా సారు పోయారన్న కబురు నాకు లక్సెట్టిపేట అంగడిలో తెలిసింది. పంచెలు, తువ్వాళ్లు పరుచుకుని కూర్చుని ఉన్నాను. మా ఊరి నుంచి బస్సు దిగిన ఒకాయన నా ముందు ఆగి తలకు చుట్టిన రుమాలు విప్పాడు. "సారు పోయిండే. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగిండట, మల్ల లేవలే. పొద్దుగూకకముందే తీస్కపోతరట, జల్ది నడువు" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన నాకొక మాట చెప్పాల్సి ఉండింది. చెప్పకుండానే పోయారు. మూట కట్టుకుని బస్సెక్కాను.

ఆయన మా ఊరి బడిపంతులు, ఆ తర్వాత సర్పంచి. సర్పంచి అయ్యాక కూడా ఊరు ఆయన్ను సారనే పిలిచింది. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. బడంటే అప్పట్లో ఒక గడ్డి కొట్టం. సారుకు కుర్చీ ఉండేది గానీ అందులో కూర్చోగా నేను చూడలేదు. దాని మీద మా పలకలు పెట్టించేవారు. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే మా ఇంటికొచ్చి, మగ్గం మీది దారం అడిగి తీసుకుని చుట్టుకున్నారు. అది ఎర్ర దారం. బడిలో అందరం నవ్వాం, ఆయనా నవ్వారు.

పాఠం అయిపోయాక "ఏమన్న అడిగేదున్నదా?" అని మూడుసార్లు అడగడం ఆయన అలవాటు. మొదటిసారి తెలివిగల పిల్లలు అడిగేవారు. రెండోసారి ధైర్యం కూడగట్టుకున్నవాళ్లు. మూడోసారి అడిగేముందు కళ్లద్దాలు తీసి కళ్లు గట్టిగా మూసుకునేవారు. "ఇగో, కండ్లు మూసుకున్న. ఎవలడిగిన్రో నాకు తెల్వది. అడుగుండ్రి" అనేవారు. నాలాంటి పిరికివాళ్లం అప్పుడు నోరు విప్పేవాళ్లం. గొంతును బట్టి ఎవరో ఆయనకు తెలియకుండా ఉంటుందా? కళ్లు తెరిచాక ఎవరి వంకా ప్రత్యేకంగా చూడకుండా, అందరికీ కలిపి జవాబు చెప్పేవారు.

పోలీస్ యాక్షన్‌కు ముందు, నిజాం కాలంలో, హుకుంలన్నీ ఉర్దూలో వచ్చేవి. పట్వారి ఊరి కచ్చీరులో, అంటే సర్కారు కచేరీలో, నిలబడి గడగడా చదివేవాడు. చదవడం అయిపోయిందని తెలియగానే మా పెద్దలు చేతులు కట్టుకుని "మంజూర్ దొరా" అనేవారు. ఒప్పుకున్నది పన్నో, వెట్టో, ఇంటికెళ్లి రెండు రోజులు గడిస్తే గానీ తెలిసేది కాదు. ఒకసారి సారు వెళ్లి మావాళ్ల మధ్య నేల మీద కూర్చున్నారు. పట్వారి ఒక్కో ముక్క చదువుతుంటే ఈయన దాన్ని తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. పట్వారి మండిపడ్డాడు. సారు మావాళ్ల వైపు తిరిగి అన్నారు: "ఒప్పుకునేది ఏందో ఎరుకైనంక అంటె అది మంజూర్. ఎరుక లేకుంట అంటె అది మంజూర్ గాదు, మజ్బూర్. గతిలేక తలూపుడు."

ఆ మాట ఊళ్లో ఆడుకునే మాటైపోయింది. మొగుడు ఎక్కువ మాట్లాడితే పెళ్లాం "మంజూరా, మజ్బూరా?" అనేది. మా అమ్మను నేను అవ్వ అంటాను; కూర బాగాలేదని నేను మూతి ముడిస్తే అవ్వ కూడా అదే అనేది.

పంచాయతీలు వచ్చి, ఊరు ఆయన్ను పట్టుబట్టి సర్పంచిని చేసింది. కచ్చీరే పంచాయతీ ఆఫీసైంది. సారు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? కచ్చీరు తలుపులు ఊడబెరికించారు. "తలుపుంటె మూయబుద్ధయితది" అన్నారు. ఆ రెండు రెక్కలు తెచ్చి మా సాలెవాడ మోరీ కాలువ మీద వేయించారు. గోదావరి పొంగితే మా వాడకు దారి ఉండదు. ఆ తలుపుల మీద నుంచే మా ఆడవాళ్లు బిందెలతో దాటేవారు. ఒకప్పుడు ఊరి పెత్తనం చేసిన పట్టేల్ మమ్మల్ని బయటికి తన్ని మూసుకున్న తలుపు మీద మా అవ్వ కాలు పెట్టి నడిచిందంటే, ఆ సంబరం ఏమిటో మీకు ఎలా చెప్పను!

తలుపుల్లేని కచ్చీరులో ఏ మాటైనా పైకి చదివేవారు. మూడుసార్లు అడిగేవారు. మూడోసారి కళ్లు మూసుకునేవారు. అప్పుడు ఊరు "మంజూర్" అంటేనే పని నడిచేది. ఒక ముసలమ్మ ప్రతి సభలోనూ లేచి, "నా మేకను ఎవలు కోసుకతిన్రో జెర చెప్పు సారూ" అని అడిగేది. ఆ మేక పోయి ఏళ్లయింది. అందరూ పకపకా నవ్వితే సారు కసిరేవారు. "ఆమెది గుడ సవాలే. నాకు జవాబు తెల్వది, గదీ నా తప్పు" అనేవారు. నాయకుడంటే ఇలాగే ఉంటాడని నేను నమ్మాను. వేరేచోట్ల వేరేగా ఉంటారని వింటే జాలిపడ్డాను.

మావి గుంట మగ్గాలు. కాళ్లు పెట్టుకునే గుంటలో వానకాలమంతా నీళ్లూరేవి. పడుగు తడిసి బూజు పట్టేది. మా బాపు ఆ గుంటలో కాళ్లు నానబెట్టుకునే బతికాడు, ఆ దగ్గుతోనే పోయాడు. అందుకని మా వాడవాళ్లం సభలో అడిగాం, ఊరి పైనున్న గైరాన్ గడ్డ మీద ఇండ్ల జాగలు ఇమ్మని. అది పశువులు మేసే ఊరుమ్మడి నేల, ఎంత వరదొచ్చినా మునగదు. సారు మూడుసార్లు అడిగారు. ఊరంతా ఒక్క గొంతుతో మంజూర్ అంది. ఆ సాయంత్రమే మా అవ్వ గడ్డెక్కి మూడు పొయ్యిరాళ్లు పెట్టి వచ్చింది. "ఈడ పొయ్యి, గాడ మగ్గం. కాళ్లు పొడిగ ఉంటయి బిడ్డా" అంది.

రెండు వానకాలాలు పోయాయి. పట్టాలు వస్తున్నాయి, వస్తున్నాయి అన్నారు. ఒకరోజు వడ్రంగి వడ్లాయన బండి తోలుకుని వచ్చి మా మోరీ మీది తలుపు రెక్కలు పైకెత్తాడు. ఇదేందని మా అవ్వ అడ్డం పోయింది.

"సర్పంచి సారు చెప్పిండు అవ్వా. కచ్చీరుకు మల్ల తలుపులు పెడుతున్రు."

"ఎందుకట?"

"నాకేమెరుక? కాయితాలకు భద్రమట."

నేను దాన్ని పట్టించుకోలేదు. సారు చేశారంటే కారణం ఉంటుందనుకున్నాను. తర్వాత కొన్నాళ్లకు గడ్డ మీద పునాదులు తవ్వుతున్నారని తెలిసి పరుగెత్తాం. అవి మా ఇండ్లకు కాదు, పత్తి మిల్లుకు. మా అవ్వ పెట్టిన పొయ్యిరాళ్లు మట్టికుప్పలో పడి ఉన్నాయి.

అందరం కచ్చీరుకు పోయాం. తలుపు దగ్గరికి వేసి ఉంది. నేను తడితే సారే తీశారు. ఆయన ముందు నేనెప్పుడూ గొంతు పెంచలేదు, ఆరోజు పెంచాను.

"మా గడ్డ ఎవలిచ్చిన్రు సారూ?"

"పంచాయతీ ఇచ్చింది. మూడుసార్లు అడిగిన. ఎవ్వలు కాదనలే. మంజూరైంది."

"ఏడ అడిగినవ్?"

"ఈడనే. కచ్చీర్ల."

"తలుపు మూసుకోనా?"

ఆయన కళ్లద్దాలు తీశారు. కళ్లు మూసుకుంటారేమో అనుకున్నాను. పంచె అంచుతో అద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "మిల్లాయన హైస్కూలు కట్టిస్తనన్నడు. ఊరికి పెద్దబడి వస్తది గద. రేపు నీ బిడ్డ సదువుకుంటది" అన్నారు.

"మంచిదే సారూ. మమ్ముల ఎందుకు అడుగలే?"

సారు వెనక్కి తిరిగారు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. గడియ పడిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

ఆయన లంచం తిన్నారని నేను అనను. తినలేదు, తినే మనిషి కాదు. హైస్కూలు వచ్చింది, నా బిడ్డ అందులోనే చదువుతోంది. నాకు కడుపు మండేది అందుకే. తిన్నవాడైతే తిట్టి ఊరుకుందును. ఆయన మాకు మంచే చేశారు, కానీ మమ్మల్ని మనుషుల్లో లెక్కేయకుండా చేశారు. అడిగితే కాదంటామని భయపడ్డారో, మాకు మంచిచెడ్డలు తెలియవనుకున్నారో! దొర కూడా అప్పుడప్పుడు మంచి చేసేవాడు. వాళ్లిద్దరికీ తేడా ఏమిటో నాకు నేర్పింది ఈయనే. నేర్పిన చేత్తోనే ఆ తేడా చెరిపేశారు.

ఆ తర్వాత కూడా ఆయనే సర్పంచి. ఎదురు నిలబడినవాళ్లు లేరు. సభల్లో మూడుసార్లు అడగడం మానలేదు. మేమే అడగడం మానేశాం. మేక ముసలమ్మ కూడా లేవడం మానేసింది. ఒకసారి సారు అలవాటుగా కళ్లు మూసుకుని తెరిచేసరికి జనం సగం వెళ్లిపోయారు. ఆయన ముఖం చిన్నబోయింది. నాకు జాలి కలిగింది, ఆ జాలి నాకు నచ్చలేదు.

అయినా చెప్పాలి. అంగడిలో ఎవడైనా ఇంగ్లీషు కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే, "ముందు చదువు, తెలుగుల చెప్పు" అనగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఆయన్ను నిలదీసిన నోరు కూడా ఆయనిచ్చిందే.

నేను ఊరు చేరేసరికి పాడె లేచింది. మా అవ్వ కూడా కర్ర పట్టుకుని వెనక నడుస్తోంది. సాలెవాడ మోరీ దగ్గర అందరూ నీళ్లలో దిగి దాటారు, ఆయన్ను మోసేవాళ్లు కూడా. మా ఊరి దింపుడు కల్లం గడ్డ కిందే, మిల్లు గోడ పక్కన. పాడె నేలకు దించారు. ఇక్కడ చెవిలో మూడుసార్లు పిలవాలి, పలుకుతాడేమోనన్న ఆశ. కొడుకు వంగి, "బాపూ" అన్నాడు. కాసేపు ఆగి మళ్లీ "బాపూ" అన్నాడు.

సారు ముఖం మీద కళ్లద్దాలు లేవు. ఎవరో తీసి, ఎర్ర దారం చుట్టిన ఆ కాడ మడిచి, ఛాతీ మీద పెట్టారు. కళ్లు మూసి ఉన్నాయి. మూడోసారి పిలిచి కొడుకు పక్కకు జరిగాడు.

సభలో ఎన్నడూ నోరు విప్పని మా అవ్వ కర్ర పక్కన పెట్టింది. ఆయన చెవి దగ్గర కూర్చుంది. ఏడుపు రాగం తీయలేదు, పొరుగింటి మనిషిని అడిగినట్టు అడిగింది.

"పంతులయ్యా, కండ్లు మూసుకుంటివి గద, ఇప్పుడు అడుగుతున్న. మమ్ముల ఎందుకు అడుగకపోతివి?"

ఊరంతా నిలబడి ఉంది. సభలో కళ్లు మూసుకుని ఆయన మా కోసం ఆగినంత సేపు మేమూ ఆగాం.

పాడె ఎత్తారు. మంజూర్ అని ఎవరూ అనలేదు.