కిటికీలోంచి తువ్వాల

పొద్దున ఆరింటికి బీదర్ నుంచి హైదరాబాద్ పోయే బస్సు జహీరాబాద్ బస్టాండులో ఆగీ ఆగకముందే బస్వమ్మ దాని వెంట ఉరికి, కిటికీలోంచి ఖాళీ అయిన సీటు మీదికి ఎర్రంచు తువ్వాల విసురుతుంది. అరవై దాటినా గురి తప్పదు. ఆ సీట్లో తను కూర్చోదు. క్యాన్సర్ దవాఖానకు పోయేవాళ్లను కూర్చోబెట్టి, బట్టలో వడగట్టిన జొన్న అంబలి సీసా చేతికిచ్చి, తువ్వాల భుజాన వేసుకుని దిగిపోతుంది. ఆ తువ్వాల చనిపోయిన భర్త ప్రకాశానిది. గొంతు క్యాన్సర్‌కు దవాఖానలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవడానికి ఆయన ఈ బస్సులోనే నెలన్నర నిలబడి పోయి, నిలబడి వచ్చాడు.

పదిహేను రోజులుగా బస్వమ్మకు ముద్ద మింగుడు పడడం లేదు. ఎవరికీ చెప్పలేదు. నిన్న తువ్వాల విసరబోయి చెయ్యి ఆపేసింది. కిటికీ పక్క సీటు మీద అప్పటికే ఒక తువ్వాల పరిచి ఉంది. అదే ఎర్రంచు, మూలన అదే చిరుగు. తనది తన చేతిలోనే ఉంది. బస్సు నిండా జనం నిలబడి ఉన్నారు, ఆ సీట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు. "ఎక్కమ్మా," అన్నాడు కండక్టర్. "నీ కోసమే సీటు ఆపిండట. బీదర్ కెల్లి నిలబడే వచ్చిండు పెద్దమనిషి, ఎవ్వర్నీ కూసోనియ్యలే." బస్వమ్మ గొంతు తడుముకుంది. "ఏడున్నడు?" "గిప్పుడే దిగిండు. నీ ఎనకనే ఉన్నడు గదమ్మా." ఆమె వెనక్కి తిరగలేదు. ఎక్కి, ఆ సీట్లో కూర్చుని, "నన్ను దవాఖాన కాడ దింపు బిడ్డా," అంది.