దగ్గుకు ఆగిన గుర్రం

యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై, బస్సులు బొగ్గు మీద నడుస్తూ మదనపల్లె ఎత్తుల్లో ఆయాసపడుతుంటే, మా జట్కాకు గిరాకీ పెరిగింది. సరిగ్గా అప్పుడే మా ముసలి గుర్రం చచ్చిపోయింది. మా ఆయన కుప్పం వైపు వెళ్లి, ఇంకా బండి కట్టని గుర్రప్పిల్లను తోలుకొచ్చాడు. పరుగు దానికి పుట్టుకతోనే వచ్చింది, ఆగడమే నేర్పాలి. పుంగనూరు దారిలో పల్లం దిగేటప్పుడు బండి బరువంతా వెనక నుంచి తోసుకొస్తుంది. అప్పుడది కూర్చోబోతున్నట్టు నడుం దించి, వెనక డెక్కలు జార్చుకుంటూ బండిని నిలబెట్టాలి. ముందు కాళ్లు బిగబట్టిందంటే బొక్కబోర్లా పడుతుంది.

ఏటి ఇసుకలో నేర్పడం మొదలుపెట్టాడు. ఖాళీ బండితో లాభం లేదని బరువుకు నన్ను ఎక్కించాడు. పెళ్లాన్ని రాళ్లమూటను చేశావని విసుక్కునేదాన్ని గానీ, నా భయమంతా ఆయన గురించే. అప్పటికే ఆయనకు దగ్గు పట్టుకుంది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఒళ్లు వంకర్లు పోయి, చేతిలో పగ్గాలు బిగుసుకుని గుర్రానికి కళ్లెం లాగినట్టయ్యేది. "హో" అనే మాటకు గుర్రం ఆగుతోందని మేం మురిసిపోయాం. అది నేర్చుకున్నది దగ్గును.

బాడుగకు కట్టాక గానీ ఆ సంగతి తెలియలేదు. మా బండి ఎక్కేవాళ్లలో క్షయ ఆసుపత్రికి పోయేవాళ్లు చాలామంది. వాళ్లు దగ్గితే చాలు, గుర్రం నడిరోడ్డు మీద చక్కగా నడుం దించి ఆగేది. తోటి జట్కావాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. దీనికి దగ్గు నేర్పిందెవరని నలుగురూ ఆరా తీస్తే, ఆయన జబ్బు బయటపడి మా బండి ఎక్కే నాథుడే ఉండడు.

మళ్లీ ఏటికి తోలుకెళ్లాడు. ఈసారి కావాలని దగ్గి, ఆ వెంటనే చెర్నాకోలతో కొట్టేవాడు. అది ఆగబోయేది, దెబ్బ పడేది. తప్పేమిటో తెలియక వణికిపోయేది. దొంగ దగ్గు కాస్తా నిజం దగ్గయి ఆయన ఇసుకలో కూలబడినా, లేచి మళ్లీ కొట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"దాన్ని యాల కొడతాండావు? నువ్వు నేర్పిందే గదా అది నేర్సుకునింది," అన్నాను.

"నేను దగ్గినా అది పోతానే ఉండాల మే. ఆగిందంటే మనకు కూడు లేదు," అన్నాడు.

పాపం, అదీ నేర్చుకుంది. "హో" అంటే ఆగేది, దగ్గితే పరుగందుకునేది. మాకు మళ్లీ బాడుగలు వచ్చాయి. ఆయన మాత్రం రోజురోజుకూ ఎండిపోయాడు.

ఒక మధ్యాహ్నం గుర్రం ఒళ్లంతా నురగతో, ఖాళీ బండితో ఒంటరిగా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. కాసేపటికి, దారిలో అంతా కళ్లారా చూసిన ఒక రైతు సైకిలు మీద రొప్పుతూ వచ్చి, జరిగింది చెప్పాడు. పుంగనూరులో బాడుగ దించి వస్తుంటే పల్లంలో ఆయనకు దగ్గుతో నెత్తురు పడిందట. పగ్గాలు జారిపోయాయట, నోట మాట రాలేదట. ఆయన ఎంత దగ్గితే గుర్రం అంత జోరుగా పరుగెత్తిందట. మలుపులో ఆయన బండిలోంచి ఎగిరి పడి, అక్కడే ప్రాణం పోయిందన్నాడు.

పట్టరాని కోపంతో గుర్రం మీదికి వెళ్లాను. ఏడుపు గొంతుకు అడ్డం పడి దగ్గాను. అది దెబ్బ పడుతుందని భయపడి ఒళ్లు ముడుచుకుని, ఆ ఖాళీ బండిని లాక్కుంటూ మళ్లీ పరుగెత్తింది.