వరసలో వచ్చిన అధ్యాయం

మొన్న ఆదివారం మా మనవరాలు నందిగామలో తను వెళ్ళే గుడికి నన్నూ లాక్కెళ్ళింది. అక్కడి కుర్రపాస్టరు మైకు పట్టుకుని, ప్రసంగం చివర ఫలానా గుర్తుకే ఓటెయ్యమని చల్లగా చెప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చేదాకా మనవరాలు "గుళ్ళో రాజకీయాలేంటి నాయనమ్మా, తప్పు కాదూ?" అని ఒకటే నస.

నేను జగ్గయ్యపేట నుంచి కోడలిగా వచ్చింది ఈ నందిగామ దాపునే ఉన్న ఒక ఊరికి ఎడంగా ఉన్న మావాళ్ళ పల్లెలోకి. అరవైల్లో సంగతి. మా మామగారు అక్కడి సంఘానికి పాస్టరు. పల్లెంతా ఆయన్ని అయ్యగారనేది. గుడి తాటాకులది, పక్కనే మా ఇల్లూ తాటాకులదే. రెండూ ఊరి కామందు ఇచ్చిన చోట్లో ఉన్నాయి. కాయితం లేదు, నోటిమాటే. పల్లెలో ఆడా మగా అందరూ ఆయన పొలాల్లోకే కూలికి వెళ్ళేవాళ్ళు. అంటే మా మెడలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయన్నమాట.

మామగారికో నియమం. లేఖనాన్ని మొదటి పుట నుంచి వరసగా, ఆదివారానికో అధ్యాయం చదివి దానిమీదే మాట్లాడేవారు. ఒక్కటీ దాటేవారు కాదు. ఫలానావాడికి ఫలానావాడు పుట్టాడని వట్టి పేర్లే ఉండే అధ్యాయాలుంటాయి చూశారూ, వాటినీ వదిలేవారు కాదు. ఆ ఆదివారాల్లో ముసలాళ్ళంతా హాయిగా కునుకు తీసేవారు, మా అత్తగారితో సహా. వచ్చేవారం ఏం వస్తుందో చదువొచ్చిన వాళ్ళకి ముందే తెలిసేది, వాళ్ళు మిగతావాళ్ళకి చెప్పేవారు.

ఆ ఏడు కామందు అల్లుడు అసెంబ్లీకి నిలబడ్డాడు. అంతకు కొద్దికాలం ముందే, మునేటి ఒడ్డున పల్లెవాళ్ళు తాతల నాటి నుంచి జొన్న వేసుకునే మెరక చుట్టూ కామందు ముళ్ళకంప వేయించి తనదనేశాడు. ఎవరూ కిక్కురుమనలేదు. ఒక సాయంత్రం ఆయనే మా వాకిట్లోకి వచ్చాడు. అత్తగారు మంచం వాల్చి కొంగుతో దులిపినా కూర్చోలేదు.

"ఏమయ్యా పాస్టరూ, ఆదివారం మీవాళ్ళకి మా అల్లుడి గురించి ఓ మాట చెప్పు. నీ మాటైతే వింటారు."

"గుళ్ళో ఓట్ల సంగతి ఎత్తనండి. మీ గురించైనా అంతే, ఎదటివాళ్ళ గురించైనా అంతే," అన్నారు మామగారు చేతులు కట్టుకుని.

కామందు నవ్వాడు. "సరే, ఎత్తమాక. అల్లుడొచ్చి ఊరికే కూర్చుంటాడు, చాలు." ఆ నవ్వు చూసి నేను గుమ్మం లోపలికి జరిగాను.

ఆయన అటు వెళ్ళగానే అత్తగారు గుండెలు బాదుకుంది. ఆ ఆదివారం వరసలో రావలసింది, ఒక మామూలు మనిషికి తాతల నుంచి వచ్చిన ద్రాక్షతోట మీద రాజు కన్నేసి, మనిషిని చంపించి తోట కలిపేసుకున్న అధ్యాయం.

"మీకు దణ్ణం పెడతా, అది దాటేసి తర్వాతది చదవండి. దేవుడేం అనుకోడు."

"నేనేమన్నా వెతికి తెచ్చానటే? వరసలో వచ్చింది. భయపడి దాటేస్తే, అదే రాజకీయం అవుద్ది."

ఇంత మొండిమనిషి ఉంటాడా అని నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు నేను నిండు నెలలతో ఉన్నాను, మా ఆయనేమో పైఊళ్ళో పనికి పోయి ఉన్నాడు. ఈ చోటు పోతే ఎక్కడ కంటాను? ఆ వారమంతా పల్లె పల్లెలా లేదు. బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూడగానే మాట ఆపేసేవాళ్ళు. సంఘపెద్ద రోజూ వచ్చేవాడు, ఏదో అడగబోయేవాడు, చుట్ట కాల్చుకుని వెళ్ళిపోయేవాడు.

ఆదివారం ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. అల్లుడు ఖద్దరు తొడుక్కుని వచ్చాడు. గుళ్ళో ఉన్న ఒక్క కుర్చీ ఆయనకే వేశారు, జనానికి ఎదురుగా. మామగారు అధ్యాయం చదివారు, తొందర లేకుండా, మాట మాటా విడిగా. ఎప్పుడూ గంటసేపు మాట్లాడే మనిషి ఆ రోజు పుస్తకం మూసి, "ప్రార్థన చేద్దాం" అని కళ్ళు మూసుకున్నారు. అల్లుడికేమీ బోధపడినట్టు లేదు, మొహాన నవ్వు అలాగే ఉంది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

ఆడవాళ్ళ చాపల మీంచి ఒక ముసలామె లేచింది.

"మా మెరకా అట్టాగే పోయింది గదయ్యా!" అని గొల్లుమంది.

ఆమె పక్కన ఇంకొకామె అందుకుంది. చూస్తుండగానే గుడంతా ఏడుపు. అల్లుడు లేచి, మామగారి దగ్గరకొచ్చి, "ఎత్తనన్నావంటగా," అని నెమ్మదిగా అని వెళ్ళిపోయాడు. గట్టిగా అరిచినా అంత భయం వేసేది కాదు.

మర్నాడు పల్లెకి కూలి పిలుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఇళ్ళల్లో పొయ్యిలు వెలగడం మానేశాయి. వారం తిరక్కుండా పట్టపగలే మనుషులొచ్చి గుడి కప్పూ, మా ఇంటి కప్పూ లాగి కిందపడేశారు. మామగారు వద్దనలేదు. నాకూ అత్తగారికీ అడ్డంగా నిలబడ్డారంతే. పల్లెవాళ్ళు ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి చూశారు. వాళ్ళనేమనగలను? మేం బండి కట్టించుకుని జగ్గయ్యపేట మా పుట్టింటికి చేరాం, నేను అక్కడే కన్నాను.

ఎన్నికల్లో అల్లుడు గెలిచాడు. పల్లె పల్లెంతా ఆయనకే వేసిందట, ముందు లేచి ఏడ్చిన ముసలామెతో సహా. కూలి పిలుపులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ కబురు చెప్పిన సంఘపెద్ద మా అరుగు మీద కూర్చుని తల ఎత్తలేకపోయాడు. "పిల్లలు తింటున్నారుగా, చాల్లే," అన్నారు మామగారు. ఆయన మళ్ళీ ఎక్కడా ప్రసంగం చెయ్యలేదు.

మనవరాలికి ఏమని చెప్పను? గుళ్ళో ఓట్ల మాట ఎత్తమన్న కామందుకీ భయపడ్డాం, ఎత్తనన్న మామగారికీ భయపడ్డాం. ఇద్దరూ పోయి ఎన్నాళ్ళో అయింది. ఇన్నేళ్ళు ఎటు పోయాయో తెలియదు గానీ, పాస్టరు లేచి గొంతు సవరించుకుంటే చాలు, నేనింకా తలెత్తి గుడి కప్పు వంకే చూస్తాను.