నేతముఠా చదును చేసిన గుంత

“రేపు పనిలోకి పోతావా?” అని అడిగినాడు ఆయన.

“పోకపోతే ముఠా చెదిరిపోతాది కదా,” అన్నాను.

“అయితే ఎండ ఎక్కకముందే పో.”

హిందూపురం సర్కారు ఆసుపత్రిలో నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన కరువు పనుల మీద మేస్త్రీ. జ్వరం వచ్చి పడుకున్నప్పటి నుంచి ఆయన కింది కూలీల ముఠాను నేనే చూసుకుంటున్నాను. మరునాడు నేను పని మీద ఉండగానే ఆయన పోయిన కబురు వచ్చింది. కర్మ అయిపోయాక ఓవర్సీరు పిలిపించి, మేస్త్రీ పనిలో నువ్వే ఉండు అన్నాడు. ముఠాలో వాళ్ళు ఇంకొకరి మాట మేం వినం అన్నారట. అట్లా అరవయ్యో దశకం మొదట్లో, ఒక ఎండాకాలంలో, నా పేరు మీద నాకు పడిన మొదటి డ్యూటీ ధర్మవరం నుంచి బత్తలపల్లికి పోయే మట్టిరోడ్డు పని. తరువాత రోడ్ల డిపార్టుమెంటులో గ్యాంగు మేస్త్రీనై, పెన్షనుతో దిగిపోయేదాకా చాలా రోడ్లు చూశాను. అయినా పని అంటే ఏమిటో తెలిసింది ఆ రోడ్డు మీదే.

నాకు సంతకం పెట్టడం వచ్చు, అంకెలు తెలుసు. అంతకుమించి చదువు లేదు. ఇది రాస్తున్నది మా మనవరాలు సుజాత. కరువు పనులు పెట్టేది పని లేని వాళ్ళ కోసమని చెబితే ఇప్పుడే కలం ఆపి అడిగింది, “అవ్వా, నిరుద్యోగులంటే ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు రాయించుకున్నోళ్ళు కదా?” అని. అది చదువుకున్న వాళ్ళ సంగతి. చేతి పని వాళ్ళకు ఆఫీసు రోడ్డు పక్కనే ఉండేది. పొద్దున్నే గంప, పార పట్టుకొని వచ్చి నిలబడితే అదే దరఖాస్తు.

పని లేని వాళ్ళకు ఎండాకాలంలో పని చూపించాలన్నది ఢిల్లీ సర్కారు మాట. డబ్బు అక్కడి నుంచి వచ్చేది. ఎటువంటి పనులు పెట్టాలో హైదరాబాదు చెప్పేది. ఏ తాలూకాకు ఏ పని అన్నది అనంతపురంలో పంచేవాళ్ళు. ఆ పంచిన పనిలోకి ఎవరిని దించాలి, ఎవరిని పంపించేయాలి అన్నది మాత్రం ఎండలో గొడుగు కింద నిలబడిన ఓవర్సీరు తేల్చేవాడు. ఢిల్లీ మాట మా గుంత దగ్గరికి చేరేసరికి ఇన్ని చేతులు మారేది.

కరువు పనిలో హాజరును బట్టి కూలి ఉండదు, కొలతను బట్టి ఉంటుంది. రోడ్డు పక్కన గుంత తవ్వి, ఆ మట్టిని గంపలతో మోసి రోడ్డు కట్ట మీద పోయాలి. ఎంత లోతు తవ్వారో తెలియాలి కదా. అందుకని గుంత మధ్యలో అక్కడక్కడ కొంచెం నేలను తవ్వకుండా దిమ్మెలాగా వదిలేస్తారు. దాన్ని సాక్షి అంటారు. దాని నెత్తిన పాత గడ్డి అట్లాగే ఉండాలి. అసలు నేల అక్కడిదాకా ఉండేదని ఆ గడ్డే రుజువు. ఇంజనీరు వచ్చి దిమ్మె ఎత్తు కొలిచి, గుంత లోతు రాసుకొని పోయాకే దాన్ని తీసేయాలి. సాక్షి లేని గుంతకు కొలత లేదు.

ఆ ఏడు పట్టు ధర పైకి పోయి, ధర్మవరం షావుకార్లు నేతగాళ్ళకు పట్టు ఇవ్వడం మానేశారు. మగ్గాలు నిలిచిపోయాయి. కొంతమంది మగ్గం కొయ్యలు అమ్ముకొని బెంగళూరు దారి పట్టారు. అమ్మడానికి మనసు రాని వాళ్ళు కొన్ని కుటుంబాలు మా రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. వాళ్ళకు పెద్ద చౌడప్ప అనే ముసలాయన.

ఓవర్సీరు ఒప్పుకోలేదు. వ్యవసాయ కూలీలకు పని ఇవ్వమని ఆర్డరు ఉందన్నాడు. “మీకు వేరే డిపార్టుమెంటు ఉంది. ఇంట్లో మగ్గం పెట్టుకొని పని లేదంటే ఎట్లా నమ్మేది?” అన్నాడు.

“మగ్గం ఉండాది సార్, పట్టు లేదు. పట్టు లేని మగ్గం మంచానికి కూడా సరిరాదు, పండుకుందామన్నా,” అన్నాడు చౌడప్ప. “ఈడ కూడా పని లేదంటే దాన్ని అమ్ముకోవాల్సిందే. అమ్మినంక మళ్ళీ యాడ కొనేది? నా కొడుకు కూడా కూలోడైపోతాడు. అప్పుడు మీ ఆర్డరుకు సరిపోతాం.”

ఆయన వెటకారంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. ఓవర్సీరు గొడుగు తిప్పుతూ, మొదటి కొలత దాకా చూస్తానన్నాడు. కొలత సరిగ్గా వస్తే ఉండొచ్చు, రాకపోతే ఆ రోజే ఇంటికి. మా పాత ముఠాతో పాటు వాళ్ళను కూడా నా కిందే వేశాడు.

పక్క గుంత గంగమ్మ ముఠాది. అందరూ పొలం కూలీలే. గంగమ్మ నోటికి ఓవర్సీరు కూడా కొంచెం దూరంగానే ఉండేవాడు. నేతవాళ్ళు వచ్చింది ఆమెకు నచ్చలేదు. రోడ్డు ఉన్నదే కొంచెం, దాన్ని పంచుకోవాలంటే ఎవరికైనా కష్టమే.

“ఏమప్పా, పట్టుచీరలు నేసే చేతులు! పారకు కట్టె ఒక పక్క, ఇనుము ఒక పక్క ఉంటాది. కట్టె పక్క పట్టుకోవల్ల, తెలుసునా?” అని మొదటి రోజే అందుకుంది.

“మేము గుంతలోనే పుట్టినాం తల్లీ. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూచునేటోళ్ళం. మాకు గుంత కొత్త కాదు, ఎండ కొత్త,” అన్నాడు చౌడప్ప.

చేతులు బొబ్బలెక్కి, గుడ్డపీలికలు చుట్టుకొని తవ్వారు. నిదానమే గానీ ఆగేవాళ్ళు కారు. దారం కట్టి, గుంత అంచు వంకర పోకుండా తవ్వేవాళ్ళు. మట్టిపనికి అంత సొగసు అక్కరలేదని నేను చెబితే, వంకరగా చేయడమే తమకు కష్టమన్నారు. సాక్షి దిమ్మెలు ఓవర్సీరే దగ్గరుండి గుర్తుపెట్టి, వీటి జోలికి పోవద్దన్నాడు. వాళ్ళు పోలేదు. కొలత రోజు తెల్లవారేదాకా పోలేదు.

కొలతకు ఇంజనీరు పెనుకొండ నుంచి జీపులో వస్తాడని ముందే తెలుసు. ఆ పొద్దున నేను బత్తలపల్లి వైపు నుంచి నడిచి వచ్చేసరికి నేతవాళ్ళు నాకంటే ముందే వచ్చి ఉన్నారు. గుంత అద్దంలాగా చదునుగా ఉంది. చీపురుతో ఊడ్చిన గీతలు కూడా కనిపిస్తున్నాయి. దిమ్మె ఒక్కటి లేదు.

“దిమ్మెలు యాడ చౌడప్పా?”

“చెక్కేసినాం మేస్త్రమ్మా. దొర వస్తాండాడు కదా. మగ్గం మీంచి చీర దించేటప్పుడు పోగులు ఏలాడనిస్తామా? ఒక్క ముడి చేతికి తగిలితే షావుకారు చీర మొగం మీద కొడతాడు.”

దిమ్మె ఎందుకో వాళ్ళకు విడమరచి చెప్పాను. చౌడప్ప గుంత అంచున అట్లాగే కూర్చుండిపోయాడు. ఆయన కోడలు గంప బోర్లించి దాని మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. ఒక కుర్రవాడు, మళ్ళీ మట్టి పోసి దిమ్మె కట్టేద్దాం అన్నాడు. వద్దన్నాను. పోసిన మట్టిని ఇంజనీరు కాలితో తన్ని కనిపెడతాడు, అప్పుడది మోసం కింద లెక్క, ఆ ముఠాను మరి ఏ పని మీదికీ రానివ్వరు.

జీపు వచ్చింది. ఓవర్సీరు గుంతను చూసి, “చూడండి సార్, లోతు దాచడానికి సాక్షి తీసేసినారు, అందుకే వీళ్ళు వద్దన్నాను,” అన్నాడు. ఇంజనీరు నెమ్మది మనిషి. దొంగ ముఠా లోతు ఎక్కువ కనబడేట్టు సాక్షిని ఇంకా పెంచుతుంది గానీ తీసేయదు అన్నాడు. చౌడప్ప చీర సంగతి చెప్పుకుంటే విన్నాడు, నవ్వలేదు. “నేను నమ్ముతా పెద్దాయనా. కానీ నమ్మకాన్ని కొలవడానికి నా దగ్గర టేపు లేదే,” అన్నాడు.

ఒక దారి ఉంది. తవ్విన మట్టి కట్ట మీదే ఉంది కాబట్టి ఆ కట్టను కొలిచి, పోసిన మట్టి గుల్లగా ఉంటుందని కొంత తీసివేసి లెక్క కట్టవచ్చు. కానీ అక్కడ నేతవాళ్ళ మట్టీ గంగమ్మ ముఠా మట్టీ ఒకే కట్టలో కలిసిపోయాయి. గుంతల్లో కొలుస్తారు గనక కట్ట మీద హద్దు ఎవరూ పెట్టలేదు. హద్దు తెలియాలంటే పక్క ముఠా చెప్పాలి.

ఇంజనీరు గంగమ్మను పిలిచి, నీ మట్టి ఎందాక అని అడిగాడు.

ఆమె వెనకాల గుసగుసలు మొదలయ్యాయి. నేతవాళ్ళు పోతే మిగతా రోడ్డంతా వాళ్ళకే. కొంచెం అవతలికి చెయ్యి చూపితే చాలు, కాదనేవాడు లేడు. చౌడప్ప తల ఎత్తలేదు. నేను చూసింది చెబుదామంటే నేను ఆ ముఠాకే మేస్త్రీని, నా మాట చెల్లదు.

గంగమ్మ కొంగు బిగించి కట్ట ఎక్కింది. కట్టను చూసుకుంటూ నడిచి ఒకచోట మడమతో నేల మీద గీత గీసింది.

“మా మట్టి ఈడికే సార్. ఆ పక్కంతా ఆళ్ళదే.”

“ఏందక్కా, అంత ఆళ్ళకు ఇచ్చేస్తాండావు!” అన్నాడు ఆమె ముఠాలో ఒకడు.

“నేను మోయని మట్టిని నాదని యాడ చెప్పేదిరా? గంప మోసి అరిగింది నీ నెత్తా, నా నెత్తా?” అని వాడి నోరు మూయించి, చౌడప్ప వైపు తిరిగింది. “ఏమప్పా, ఇంకోసారి గుంతకు ఇస్త్రీ చేస్తివంటే మాత్రం నేను ఊరుకోను, చెప్తాండా!”

అప్పుడు నవ్వాడు ఇంజనీరు. టేపు పట్టించి కట్ట కొలిచాడు. గుల్ల కింద తీసివేయగా కొలత సరిపోయింది, మిగిలింది పెద్దగా ఏమీ లేదు.

ఓవర్సీరు అయినా వదలలేదు. కొలత సరే సార్, వీళ్ళు వ్యవసాయ కూలీలు కారు కదా అన్నాడు. అతనిది కూడా తప్పు కాదు, రేపు ఆడిటులో అడిగితే చెప్పుకోవాల్సింది అతనే. ఇంజనీరు, అది నేను తేల్చేది కాదు, అనంతపురానికి రాస్తాను అన్నాడు. జవాబు వచ్చేదాకా ఉన్నవాళ్ళను ఉన్నట్టే ఉంచమన్నాడు.

అనంతపురం వాళ్ళు హైదరాబాదును అడిగారు. హైదరాబాదు వాళ్ళు ఢిల్లీని అడిగినారని చెప్పుకున్నారు. ఈలోపల నేతవాళ్ళు బత్తలపల్లి పొలిమేర దాకా కట్ట పోశారు. వానలు పడ్డాయి, షావుకార్లు మళ్ళీ పట్టు ఇచ్చారు, వాళ్ళు మగ్గాల దగ్గరికి పోయారు. ఆ తరువాత వచ్చింది జవాబు, వ్యవసాయ కూలీలను మాత్రమే తీసుకోవాలని. ఓవర్సీరు చదివి వినిపించి, “సరే, ఇప్పుడు ఉన్నది ఆ కూలీలేలే,” అని ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ ముఠాలో ఒక్కరూ మగ్గం అమ్మలేదు.

నేను అప్పుడు నేర్చుకున్నది ఇంతే. పై నుంచి వచ్చే మాటకు ఎవరు పని లేనివాళ్ళో తెలియదు. అది తేలేది పని దగ్గరే. అక్కడ ఉన్నవాళ్ళు ఒకరినొకరు తోసేస్తే ఎంత మంచి ఆర్డరైనా ఎందుకూ పనికిరాదు. ఇంకొకటి, కొత్త ముఠాకు ఇది చేయవద్దు అని చెప్పి ఊరుకుంటే చాలదు, ఎందుకు వద్దో కూడా చెప్పాలి. మనుషులు తమ చేతికి తెలిసిన పని ప్రకారమే నడుచుకుంటారు. ఆ తరువాత నా కింద ఏ ముఠా దిగినా సాక్షి దగ్గర కూర్చోబెట్టి, గడ్డి చూపించి, కొలత సంగతి చెప్పిన తరువాతే పార పట్టనిచ్చాను.

అంతే సుజాతా. ఆ ఓవర్సీరు పేరు, ఇంజనీరు పేరు యాడా రాయలేదు కదా? సరే, ఇప్పుడు మొదుట్నుంచి నిదానంగా చదువు. గంగమ్మ మాటలు ఆయమ్మ అన్నట్టే రాసినావో లేదో ఇంటా.